మా దాలి కావిడి

కార్తీకం, బుధవారం

ఈ రోజు నుంచి నేను మా అమ్మాయి కావిడిని. ఈ ఒక్క వాక్యం రాయడానికి పెన్ను ఎన్నిసార్లు కింద పెట్టానో. సంతోషంతోనే. నేను బోను తవిటినాయుడిని. ఏడో తరగతితో బడి మానేసి, కొండమీద పొగమంచుని పట్టే వలలు దులిపి నీళ్ళు పట్టే పనిలోనే ముసలివాడినైపోయినవాణ్ణి. అలాంటి నన్ను మా ఊరు పైడిమెట్ట పరుగు జట్టులోకి తీసుకున్నారు. పరిగెట్టడానికి కాదు, మొయ్యడానికి.

పొద్దున్న డాక్టరమ్మ రోజారాణి నా మెడ వెనక పట్టీ అతికించింది. దాని జోడు పట్టీ మా దాలమ్మ మెడ మీద ఉంది. ఇక మీదట దాలి పరిగెడితే రొప్పు నాకు వస్తుంది. దాని పిక్కలు మండితే నా పిక్కలు మండుతాయి. ఒళ్ళు దానిదే, అలసటా నొప్పీ మాత్రం నావి. బరువు తెలియని కాళ్ళు కాబట్టి గాలిలో పోయినట్టు పోతుంది. ఇలా మోసేవాళ్ళనే మా కొండల్లో కావిడి అంటారు. రక్తం పంచుకున్నవాళ్ళయితేనే పట్టీ పట్టుకుంటుంది. కావిడి లేనివాళ్ళని పందెంలో అడుగు పెట్టనివ్వరు.

దాలి ఐదేళ్ళుగా జట్టులో ఉంది. పందెంలో మాత్రం ఎప్పుడూ లేదు. వాళ్ళమ్మ కాలం చేసింది, తోబుట్టువులు లేరు, నాకేమో అరవై దాటిపోయాయి. అన్నేళ్ళూ మిగతావాళ్ళ నీళ్ళ సీసాలు పట్టుకుని దారి పక్కన నిలబడింది నా తల్లి. ఈ ఏడు మోసేవాళ్ళకి వయసు హద్దు ఎత్తేశారు. ఆ కబురు విన్నప్పుడు వల పట్టుకుని ఉన్నానేమో, పట్టుకునే గెంతాను. రాత్రంతా పట్టిన నీళ్ళు నా నెత్తి మీదే పడ్డాయి.

గుండె పరీక్ష చేస్తూ డాక్టరమ్మ, ఇంత గట్టి గుండె ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు తాతా అంది. కూతురి కోసం దాచానమ్మా అన్నాను. ఒంట్లో ఎలా ఉంటోందో అప్పుడప్పుడు రెండు ముక్కలు రాసుకోమని చెప్పి పంపింది. రెండు ముక్కలతో ఆగేలా లేను.

కార్తీకం, శనివారం

మొదటి సాధన అయింది. పందెం ముగిసే గీత పక్కన రేకుల పాక ఉంది, దాన్ని కావిడి పాక అంటారు. లోపల మోసేవాళ్ళకి నవారు మంచాలు. నా పక్క మంచం సూరమ్మది. ఆవిడ కొడుకు రాజులు మా జట్టులో మొదటి పరుగు తీస్తాడు. ఏడేళ్ళుగా మోస్తోంది, మోస్తూనే చింతపండులో గింజలు తీస్తుంది. అంత అనుభవం.

నేను పడుకున్న చోట పడుకునే కొండ ఎక్కాను. కళ్ళు మూసుకుంటే దాలి ఎక్కడుందో నా కాళ్ళే చెప్పాయి. తొడలు బరువెక్కితే ఎర్రవాగు ఎక్కుడు. మోకాళ్ళు అదిరితే అవతలి దిగుడు. ఊపిరి కాస్త తేలికపడితే సరుగుడు తోట వచ్చినట్టు. చిన్నప్పుడు దాని వేలు పట్టుకుని నడిపించాను గానీ దాని కాళ్ళతో నడవడం ఇదే మొదలు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. సూరమ్మ చూసింది.

"ఏటి బావా, అప్పుడే ఓపిక అయిపోనాదేటి?" అంది. "ఇంకా తీపి తింటన్నావు. కారం ముందుంది."

ఆవిడే నాకు పద్ధతులన్నీ చెప్పింది. పందెం ముందు రోజు పరిగెట్టే మనిషీ మోసే మనిషీ ఒకే కంచంలో తినాలి. మోసిన నొప్పి ఏ చోటిదో ఎంతటిదో పరిగెట్టేవాళ్ళకి చెప్పకూడదు. చెబితే కాలికి భయం పట్టుకుంటుందట. పరుగు అయ్యాక వాళ్ళు వచ్చి ఎలా ఉందని అడుగుతారు. చల్లగా ఉందని చెప్పాలి. ఏ కావిడైనా అదే మాట చెప్పాలి.

ప్రతి మంచానికీ పైనుంచి ఒక ఇనప పిడి వేలాడుతుంది. ప్రాణం మీదకి వస్తే అది లాగాలి. లాగితే పట్టీల మధ్య లంకె తెగి, మోసినదంతా ఒక్కసారిగా పరిగెట్టేవాళ్ళ ఒంటికి తిరిగిపోతుంది. వాళ్ళు ఉన్నచోట కూలబడతారు. జట్టు పందెంలోంచి పోతుంది. పైడిమెట్టలో ఇంతవరకూ ఎవరూ లాగలేదని సూరమ్మ గొప్పగా చెప్పింది. పొరపాటున కూడా చెయ్యి పడకుండా తన పిడికి గుడ్డ చుట్టేసింది. నాకూ ఒక పీలిక ఇస్తే నేనూ చుట్టాను.

దాలి వచ్చి మంచం పక్కన కూర్చుంది. మొహమంతా చెమట, రొప్పు మాత్రం లేదు.

"ఎలాగుంది నాన్నా?"

"సల్లగా ఉందమ్మా" అన్నాను. అబద్ధమైనా నా జన్మలో అంత తియ్యని మాట అనలేదు.

మార్గశిరం, మంగళవారం

మొదటి పందెం గెలిచాం. ఎర్రకోన జట్టు మీద. దాలికి చివరి పరుగు ఇచ్చారు, మొట్టమొదటి పందెంలోనే చివరి పరుగు. ఖాళీ మందు డబ్బా చేత్తో పట్టుకుని గీత దాటుతుంటే రేకుల సందులోంచి చూశాను. ఒంట్లో నిప్పులు పోసినట్టుంది, ఐనా నవ్వాపుకోలేకపోయాను. సూరమ్మ, నవ్వితే ఊపిరి అందదు బావా అని తిట్టింది.

పందెంలో చేతులు మారేది మందు డబ్బా ఎందుకంటే, ఈ పందాలు మందుల మోతలోంచి పుట్టాయి. సముద్రం కింది ఊళ్ళని తీసేసుకున్నాక కొండకీ కొండకీ మధ్య బండ్లు లేవు. ఉన్న కాస్త కరెంటు ఆసుపత్రికీ నీటి పంపులకీ సరిపోతుంది. మందులు కాళ్ళ మీదే వెళ్ళాలి. దాలి ఉద్యోగం అదే. పట్టీ పందెమప్పుడే కాదు, సీజనంతా ఉంటుంది కాబట్టి దాని ఉద్యోగం కూడా నేనే మోస్తున్నాను. పొద్దున్నే నేను వలల దగ్గరికి ఎక్కుతుంటే అది అవతలి కొండకి పరిగెడుతూ ఉంటుంది. నా రెండు కాళ్ళలో నాలుగు కాళ్ళ బరువు. ఇంత ఆనందమైన బరువు ఉంటుందా.

ఒక్కటే చిరాకు. ఎడమ కాలు, మోకాలి కింద ముందెముక, చీమ కుట్టినట్టు సలుపుతోంది. వలల దారిలో రాళ్ళు ఎక్కీ దిగీ అరిగిపోయిన కాలు, దాని మొర అది పెట్టుకుంటుంది. నువ్వుల నూనెలో కర్పూరం కలిపి రాశాను.

పుష్యం, గురువారం

అయ్యో, ఈ సంతోషం ఎవరికి చెప్పుకోను. రెండో పందెమూ గెలిచాం. ఆఖరి పందెంలో మా వాళ్ళు దేవరగట్టు జట్టుతో పరిగెడతారు. పైడిమెట్ట ఆఖరి పందెం దాకా వెళ్ళడం నా ఎరుకలో లేదు. జనం దాలిని ఎత్తుకుని తిప్పారు. నన్ను కూడా మంచంతో సహా ఎత్తారు. కింద పడేస్తారని భయమేసి, దింపండర్రా అంటే ఇంకా ఎత్తారు.

కాలు మాత్రం మాట వినడం లేదు. చీమ పోయి మేకు వచ్చింది. నూనె పని చెయ్యలేదు. వావిలాకు కట్టాను, పని చెయ్యలేదు. పొద్దున వలల దగ్గర తూలి పడబోతే దాలి చూసింది. ముసలి కాలు తల్లీ అన్నాను. అప్పటి నుంచి నన్ను నీళ్ళ డబ్బాలు ఎత్తనివ్వడం లేదు. ఉద్యోగానికి వెళ్ళే ముందు తనే కొండెక్కి, నిండు డబ్బాలు రెండు చేతులా పట్టుకుని కిందికి దింపి వెళుతోంది. నా కాలు నొప్పి అని దాని కాలి మీద బరువు పెంచుకుంది. ఇలాంటి కూతురు ఎవరికుంది అని ఊళ్ళో అందరికీ చెప్పుకున్నాను.

పుష్యం, ఆదివారం

ఈ రోజు పట్టీలు శుభ్రం చెయ్యడానికి తీశారు. సాయంత్రం దాకా ఎవరి ఒళ్ళు వారిదే.

చాన్నాళ్ళకి ఖాళీగా ఉన్నానని వలల వైపు వెళ్ళాను. రాళ్ళ దారి ఎక్కాను. పై వల దాకా ఎక్కాను. ఎక్కడా ఆగలేదు. మంచు తెర తీసేసింది, కిందెక్కడో సముద్రం మెరుస్తోంది. కాళ్ళు పాతికేళ్ళ కుర్రాడివైపోయినట్టు ఉన్నాయి. వల స్తంభాన్ని కౌగిలించుకుని పాడుకున్నాను. ఎడమ కాలు నేలకేసి రెండుసార్లు తన్ని కూడా చూశాను, ఏమైనా అంటుందేమోనని. ఏమీ అనలేదు.

అప్పుడు నా పాట ఆగిపోయింది.

ఇది నా కాలే. నొప్పి లేదు. మరి ఇన్నాళ్ళూ నేను నూనె రాసింది ఎవరి కాలికి?

ఎలా దిగానో తెలియదు. ఇంటికి వచ్చేసరికి దాలి పెరట్లో తొట్టి అంచు మీద కూర్చుని ఉంది. ఎడమ కాలు నీళ్ళలో ఉంది. మోకాలి కింద పొంగి, చర్మం నున్నగా మెరుస్తోంది. నన్ను చూసి కాలు ఇంకా లోతుకి దించింది.

"ఎలాగుందమ్మా?" అన్నాను. ఆ ప్రశ్న నేను అడగాల్సింది కాదు.

"సల్లగా ఉంది" అంది దాలి. పెదవి కొరుక్కుంటూ అంది.

పక్కన కూలబడ్డాను. ఇన్నాళ్ళూ నా కాలనుకున్నాను తల్లీ అన్నాను. తనూ అలాగే అనుకుందట. పొద్దున్న పట్టీ తీసి మంచం దిగగానే కింద పడిందట. నాకు తెలియకూడదని, నేను వలలకి వెళ్ళేదాకా దుప్పటి కప్పుకుని పడుకుందట. పరుగు వద్దు, డాక్టరమ్మ దగ్గరికి పద అన్నాను.

"అయిదేళ్ళు ఆల సీసాలు మోసేను నాన్నా" అంది. "ఈ పందెం తర్వాత ఏడాదంతా పడుకోమన్నా పడుకుంటాను. ఇదొక్కటీ మొయ్యి."

"ఇరిగిపోతేనో?"

"ఇరిగితే నాకు తెలవదు గదా. నీకు తెలుస్తాది. అప్పుడు లాగీ పిడి. ఇరిగేదాకా మాత్రం లాగకు. మాటియ్యి."

నన్ను పొడవాలని అన్న మాట కాదు. ఉన్నదే చెప్పింది. తడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది. మాట ఇచ్చేశాను.

పుష్యం, సోమవారం

మాట ఇచ్చి కూడా ఆగలేకపోయాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నీ కాలు ఎన్నిసార్లు చూసినా నాకేం కనపడదు తాతా, పరిగెట్టే మనిషి తనంతట తను రావాలి అంది. దాలి రానంది. అక్కణ్ణించి వాసు మాస్టారి దగ్గరికి పోయాను. జట్టుకి పరుగు నేర్పేది ఆయనే.

ఈ వయసులో కాలు నొప్పి రాక ఏమొస్తుంది అన్నాడు ముందు. నిన్న పట్టీ తీస్తే పోయిందని చెప్పాను. పందెం డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఆయనకి తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు.

"మొయ్యలేకపోతే సెప్పీ నాయుడుగారూ, తప్పేటి నేదు" అన్నాడు చివరికి. "లచ్చన్నని పెడతాం."

కొత్తగా ఒక సూది మందు వచ్చిందట. అది పొడిపించుకుంటే రక్తసంబంధం లేకపోయినా పట్టీ పట్టుకుంటుందట. లచ్చన్న ఆ మందుతో కూలికి మోసేవాడు. పక్క జట్లకి ఇదివరకే మోశాడు, ఒక్కసారీ పిడి ముట్టుకోలేదు. తన మంచానికి పిడి కట్టక్కర్లేదని వాడే అంటాడని మాస్టారు మెచ్చుకుంటూ చెప్పాడు.

నేను తప్పుకుంటే దాలి ఆగదు. పిడి లేని మంచం మీద ఇంకెవడో దాని కాలు మోస్తాడు. నేనే మోస్తానని చెప్పి వచ్చేశాను.

మాఘం, శుక్రవారం, ఆసుపత్రి వసారాలో

నిన్న ఆఖరి పందెం.

మొన్న పద్ధతి ప్రకారం ఒకే కంచంలో తిన్నాం. చోడి అంబలి, ఎండుచేప. పెద్ద ముక్కలన్నీ నా వైపు తోసింది. నేను దాని వైపు తోశాను. చేప కంచంలో తిరగడమే గానీ ఎవరి నోట్లోకీ వెళ్ళడం లేదని ఇద్దరం నవ్వుకున్నాం.

పాకలో పడుకోగానే పిడికి చుట్టిన గుడ్డ విప్పేశాను. సూరమ్మ చింతపండు పక్కన పెట్టి, "ఎందుకు బావా విప్పుతన్నావు?" అని అడిగింది. చెమట పడుతోంది, తుడుచుకోడానికి అన్నాను. నమ్మలేదు.

రాజులు బాగానే తీశాడు. తర్వాత పరిగెట్టిన ఇద్దరూ వెనకబడ్డారు. డబ్బా దాలి చేతికి వచ్చేసరికి దేవరగట్టు మనిషి ముందున్నాడు. నా ఒళ్ళంతా ఒక్కసారిగా పరుగందుకుంది. ఎర్రవాగు ఎక్కుడులో అడుగు పడ్డప్పుడల్లా ఎముకలో మేకు ఇంకాస్త దిగుతోంది. ఎక్కుడు చివరలో బయట జనం కేకలు మారాయి. దాలి దాటేసింది. నేను నవారు పట్టీ నోట కరుచుకుని ఆ కేకలు విన్నాను. నొప్పికీ సంతోషానికీ తేడా తెలియడం లేదు. కొడుకు పరుగు అయిపోయింది కాబట్టి సూరమ్మ లేచి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నాలుగు మలుపులే బావా. ఓర్సుకో. ఈ ఒక్కసారికీ ఓర్సుకో."

రెండు మలుపులు ఓర్చుకున్నాను. మూడో మలుపులో నొప్పి మారింది. పెరగలేదు, మారింది. విరిగే ముందు వెదురు లోపల్లోపల చిటుక్కుమన్నట్టు, నా కాలి లోపల ఒక సన్నని చప్పుడు. సూరమ్మ పట్టు విడిపించుకోడానికి ఆవిడ చేతి మీద కొట్టాను. ఆడమనిషి మీద చెయ్యి చేసుకున్నాను. పిడి లాగాను.

ఒక్క క్షణంలో నా ఒళ్ళు ఖాళీ అయిపోయింది. బయట జనం అరుపులన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో దూరంగా ఒకే ఒక్క గొంతు. నా కూతురిది.

రాత్రి ఎముక ఫోటోలు తీశారు. ఇవాళ పొద్దున్న డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఎముక చీలింది, విరగలేదు. చీలిక ఒక పక్క మొదలై రెండో పక్కకి రాకుండా ఆగిపోయిందట. మూడు నెలల కట్టు, తర్వాత నడక, తర్వాత పరుగు కూడా. నేను ఆవిడ చేతులు రెండూ కళ్ళకద్దుకున్నాను. విరగలేదు. విరగలేదు. వసారాలో ఉన్న రోగులందరికీ చెప్పాను, కాఫీ పోసే మనిషికి చెప్పాను. పక్కావిడ కొడుక్కి ఏదో ఆపరేషనట, ఆవిడకి కూడా చెప్పాను, పాపం నాతో పాటు నవ్వింది.

ఆ నవ్వుతోనే లోపలికి వెళ్ళాను. దాలి గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇరిగిందా?" అంది.

"నేదమ్మా. నిలబడింది. దేవుడి దయ."

"మరెందుకు లాగేవు?"

ఇంకో మలుపు దాటితే విరిగేది తల్లీ అన్నాను. విరిగాక లాగితే ఏం లాభం అన్నాను. కాలి లోపల చప్పుడు గురించి చెప్పాను. అంతా విని ఇటు తిరిగింది. ఏడవడం లేదు.

"ఇరిగుంటే నువ్వు సెప్పింది నిజమయ్యేది" అంది. "ఇరగనేదు. ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలవదు. పిడి లాగింది నా కాలు కాదు నాన్నా, నీ బయం."

విరగని ఎముకని ఏం చూపించి ఒప్పించను.

వైశాఖం, మంగళవారం

కట్టు విప్పారట. కర్ర లేకుండా నడుస్తోందట. ట అని రాయాల్సి వస్తోంది. ఆసుపత్రి నుంచి దాలి ఇంటికి రాలేదు, జట్టు వాళ్ళ గదుల్లోనే ఉంటోంది. దూరం నుంచి చూశాను, రెండు కాళ్ళూ సమానంగా వేస్తోంది. చెట్టు చాటున నిలబడి చేతులెత్తి దండం పెట్టుకున్నాను. నన్ను చూసి పక్క దారిలో వెళ్ళిపోయింది. వెళ్ళిపోయినా ఎంత చక్కగా నడిచిందో.

ఊరు నన్ను క్షమించలేదు. వలల దగ్గరికి వెళితే స్తంభానికి ఎవరో పాత ఇనప పిడి కట్టి వేలాడదీశారు. తీసి పారేస్తే మర్నాడు ఇంకొకటి. నీళ్ళకి వచ్చేవాళ్ళు, తాతా వల లాగమంటావా, ఆడపిల్ల ఏమైనా పడిపోతుందా అని నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను.

సూరమ్మ నవ్వదు. ఒకసారి దారిలో కనిపిస్తే, చెయ్యి ఎలా ఉందని అడిగాను. చేతికేమైంది బావా, అది మానిపోయింది అంది. రాజులికి ఈ ఏడుతో పరుగు వయసు దాటిపోయిందట. ఇంక వాడికి ఆఖరి పందెం లేదు. ఆ మాట మెల్లగానే చెప్పి బుట్ట ఎత్తుకుని పోయింది.

డాక్టరమ్మ నా పట్టీ తీసేసి ఎన్నాళ్ళో అయింది. రాయమని అడిగేవాళ్ళు లేరు. ఐనా రాస్తున్నాను. ఒంట్లో ఏ నొప్పీ లేదు. వలల దారి సులువుగా ఎక్కేస్తున్నాను. నా ఒంట్లో నేనొక్కణ్ణే ఉండడం ఇంకా అలవాటు కాలేదు.

మార్గశిరం, ఆదివారం

లచ్చన్న నన్ను వెతుక్కుంటూ కొండెక్కి వచ్చాడు. దాలికి ఈ ఏడు కావిడి వాడే. జట్టు వాళ్ళకంటే ముందు తనే అడిగిందట వాణ్ణి.

చెడ్డవాడై ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్ళుంటాయి, నవ్వు మొహం, అడక్కుండానే నా చేతిలోంచి డబ్బాలు అందుకున్నాడు. దాలి ఒళ్ళు ఎలాంటిదో తెలుసుకుందామని వచ్చానన్నాడు. పనిమంతుడు. ఏ ఎక్కుడులో ఊపిరి ఎలా మారుతుందో, కుడి పాదం కంటే ఎడమ పాదం ఎంత బలంగా వేస్తుందో అన్నీ చెప్పాను. నా ఎడమ కాలి ముందెముక మీద వాడి వేలు పెట్టించి, దాలికి పాత చీలిక ఇదిగో ఇక్కడ అని చూపించాను. ముందు చీమలా వస్తుంది, తర్వాత మేకులా, తర్వాత లోపల చప్పుడొస్తుంది, చప్పుడు దాకా ఆగకు బాబూ, మేకు రాగానే లాగెయ్యి అన్నాను. వాడి గడ్డం పట్టుకుని బతిమాలాను.

వాడు నా చెయ్యి మెల్లగా తీసి తన చేతిలో పెట్టుకున్నాడు.

"లాగితే ఇంక నన్నెవరు పిలుస్తారు పెద్దయ్యా?" అన్నాడు. "నీకు కూతురు. నాకు పని."

డబ్బాలు కిందిదాకా మోసి పెట్టి వెళ్ళాడు.

మాఘం, బుధవారం

గెలిచింది. మా దాలి గెలిచింది. పైడిమెట్ట గెలిచింది.

నన్ను పాక దగ్గరికి రానివ్వరని గీత అవతల జనంలో నిలబడ్డాను. డబ్బా దాలి చేతికి వచ్చినప్పుడు నా కాళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి, ఎదురు చూశాయి. ఏమీ రాలేదు. ఎర్రవాగు ఎక్కుడు ఎక్కేసింది, నాకు తెలియలేదు. మలుపులు తిరిగింది, తెలియలేదు. అందరిలాగే కళ్ళతోనే చూశాను. తోటలోంచి బయటపడి ఒంటరిగా వస్తుంటే, దాని వెనక కనుచూపు మేర ఎవరూ లేరు. గొంతు పోయేలా అరిచాను. పక్కనున్నవాడు పోయిన ఏడాది నన్ను తిట్టినవాడే, నన్ను కావిలించుకున్నాడు. పోయినవన్నీ పోయాయి అనుకున్నాను. నేను పొరపాటు పడ్డాననీ, నా భయమే లాగిందనీ, దాలి చెప్పిందే నిజమనీ ఆ నిమిషంలో పూర్తిగా ఒప్పేసుకున్నాను. అంత ఆనందంగా ఒప్పుకున్నాను.

భుజాల మీంచి దింపగానే దాలి జనాన్ని తప్పించుకుని నా దగ్గరికే వచ్చింది. ఏడాది తర్వాత. మెడలో పూలదండ, చేతిలో డబ్బా.

"సూసేవా నాన్నా" అంది. అంతే అంది. చిన్నప్పటి మొహం.

చూశానమ్మా అన్నాను. రెండు చేతులతో మొహం పట్టుకున్నాను, తల నిమిరాను, ఏమేమి అన్నానో గుర్తు లేదు. డబ్బా నా చేతిలో పెట్టింది. అప్పుడు కిందికి చూశాను. ఎందుకు చూశానో, చూడకుండా ఉంటే ఏం పోయేది. ఎడమ పాదం కాస్త పక్కకి తిరిగి ఉంది. మనుషులు అలా నిలబడరు. నొప్పి తెలిసిన మనిషి ఎవరూ అలా బరువు మోపరు. అది హాయిగా మోపి నిలబడి ఉంది. పట్టీలు సాయంత్రం గానీ తియ్యరు.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. తండ్రి కూతురి కాళ్ళు పట్టుకోవడమేమిటని ఎవరో నవ్వారు. దాలి కూడా సిగ్గుపడుతూ నవ్వి, లెగు నాన్నా, అందరూ సూస్తన్నారు అంది. మేజోడు కిందికి జరిపాను. మోకాలి కింద వేడిగా ఉంది. బొటనవేలితో, వీలైనంత మెల్లగా, ఆ ఎముక మీద నొక్కాను.

దాలి నవ్వుతూనే ఉంది. మైదానం అవతల, కావిడి పాకలోంచి లచ్చన్న పెట్టిన కేక వినిపించింది.